మగపిల్లాడికేమవుద్దిలే అనేవాళ్ళకు

కోనసీమలో ఏ అరుగు మీదైనా ప్రేమ వ్యవహారం కబురు వస్తే, అమ్మాయి ఎవరి పిల్ల అని ముందు అడుగుతారు. పరువు ఎంత పోయిందని తర్వాత అడుగుతారు. అబ్బాయి సంగతేంటని ఎవరైనా కదిపితే, "ఆడికేంటండీ, మగపిల్లాడు, ఏమవుద్దీ?" అని అక్కడితో తేల్చేస్తారు. ఈ మాట నేను ఐనవిల్లి గుడి దగ్గర విన్నాను. ముక్తేశ్వరం రేవులో పంటు కోసం నిలబడ్డవాళ్ళ నోట విన్నాను. అమలాపురంలో పాఠాలు చెప్పే మాస్టార్ల నోటా విన్నాను. అనేవాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు, ఆడపిల్లల మీద దయతోనే అంటున్నామనుకుంటారు. కానీ ఆ మాట ఏ ఆడపిల్లనూ కాపాడలేదు. మగపిల్లాడి నోరు మాత్రం నొక్కేసింది. అందుకే దాన్ని ఊరకే విని వదిలెయ్యకూడదు.

ఒక విషయంలో ఎవరికీ అనుమానం మిగలకుండా ముందే చెబుతాను. ప్రేమ పేరుతో, పెళ్ళి పేరుతో జరిగే హింసలో ఎక్కువగా నలుగుతున్నది స్త్రీలే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళయిన ప్రతి పదిమంది ఆడవాళ్ళలో ముగ్గురు భర్త చేతిలో హింస అనుభవించారు. 2021 ఆగస్టు 15న గుంటూరు కాకాని రోడ్డులో బీటెక్ చదివే అమ్మాయిని పట్టపగలు కత్తితో పొడిచి చంపినవాడు, ప్రేమించమని ఆమె వెంటపడ్డవాడే. 2022 ఏప్రిల్‌లో గుంటూరు కోర్టు అతనికి ఉరిశిక్ష వేసింది. గుంటూరు దాకా పోనక్కర్లేదు. 2025 జూలైలో మన రాజోలు మండలం బి.సావరంలో ఇరవై రెండేళ్ళ అమ్మాయి కత్తిపోట్లకు చనిపోయింది. పొడిచాడన్న ఆరోపణ ఆమెతో సహజీవనం చేస్తున్న యువకుడి మీదే వచ్చింది. అడ్డుపడిన తల్లికీ, సోదరుడికీ గాయాలయ్యాయని వార్తలొచ్చాయి. వీటిలో రవ్వంత కూడా తక్కువ చేసి చెప్పే ఉద్దేశం నాకు లేదు. అయితే గోదావరి వరదకు లంకల్లోవాళ్ళు ఎక్కువ మునుగుతారు కాబట్టి, గట్టుకు ఇవతలి ఇంట్లోకి వచ్చిన నీళ్ళు నీళ్ళే కావంటే ఒప్పుకుంటామా?

ఈ నమ్మకమంతా ఒంటిబలం మీద నిలబడి ఉంది. మగవాడికి బలముంది, తిరగబడగలడు, తిరగబడలేదంటే వాడికి అంత నొప్పేం లేదన్నమాట. ఇదీ వాదన. ప్రేమలో హింస కండబలంతో నడిచేదైతే ఈ వాదనకు కాస్త విలువుండేదేమో. అది భయంతో నడుస్తుంది. ఎదుటి మనిషి దేనికి వణుకుతాడో దగ్గరగా చూసి తెలుసుకున్నవాళ్ళకు కండలతో పనేముంది?

ఆనవాలు పట్టే వివరాలు మార్చి ఒక కుర్రవాడి సంగతి చెబుతాను. డిగ్రీ చదువుతున్నాడు. తండ్రి కొబ్బరి దింపు కూలీ. మండుటెండల్లో కూడా పొడుగు చేతుల చొక్కా వేసుకొచ్చేవాడు. ఒకరోజు నా ఎదుట కూర్చుని దరఖాస్తు ఫారం నింపుతుంటే చొక్కా చెయ్యి పైకి జరిగింది. ముంజేతి మీద గోళ్ళు దిగిన గుర్తులు, వాటి పక్కన వరసగా మూడు సన్నటి గాట్లు. "ఏంట్రా అబ్బాయ్ ఇదీ?" అన్నాను. "ఆయ్, కొబ్బరి కమ్మ గీరుకుందండి" అన్నాడు. కమ్మ గీరుకుంటే చర్మం అడ్డదిడ్డంగా లేస్తుంది, అంత సమానంగా గీతలు పడవు. కొబ్బరితోటల్లో పుట్టి పెరిగిన మనిషికి ఆ అబద్ధం ఆనదు. నేను ఇంకేం అడగకుండా టీ తెప్పించాను. టీ తాగే ఆ కాసేపట్లో ఫోను మోగుతూనే ఉంది. మోగినప్పుడల్లా ఎక్కడున్నాడో ఫొటో తీసి పంపుతున్నాడు. ఒకసారి నా బల్ల, ఒకసారి గోడ మీద గడియారం. లొకేషన్ పెడితే చాలదట, ఫొటో కావాలట. ఫోను పాస్‌వర్డు వాడు ప్రేమించిన అమ్మాయి దగ్గరే ఉంది. మేనమామ కూతురి నంబరుతో సహా ఆడపేర్లన్నీ తీసేయించింది.

ఆ అమ్మాయిని వాడు ఒక్క చెడ్డమాట అనలేదు. "కోపం ఎక్కువండి, మనసు మాత్రం మంచిదేనండి" అన్నాడు. ఈ మాట మనం ఎంతమంది ఆడవాళ్ళ నోట విన్నాం! కమిలిన చెంప మీదికి కొంగు లాక్కుంటూ, "ఆయనకు కోపం ఎక్కువ, మనిషి మంచోడే" అని మన అక్కలూ వదినలూ చెప్పలేదూ? ఆడమనిషి ఆ మాట అంటే అది గృహహింస అని మనకు వెంటనే అర్థమవుతుంది. మగపిల్లాడు అదే మాట అంటే నవ్వు వస్తుంది. ఆ నవ్వే వాణ్ణి మళ్ళీ ఆ చేతుల్లోకి తోస్తోంది.

ఎందుకు ఊరుకున్నావని అడిగాను. చెయ్యి పట్టుకుని ఆపితే తనే కొట్టాడంటారని భయం. వదిలేస్తానంటే మణికట్టు మీద బ్లేడు పెట్టుకున్న ఫొటో వస్తుంది, ఉత్తరంలో నీ పేరు రాసి పోతానన్న మెసేజీ వస్తుంది. స్నేహితులకు చెబితే ఆడపిల్ల చేతిలో తన్నులు తిన్నాడని కాలేజీ అంతా చాటుతారు. ఇంట్లో చెబితే చదువు మానిపించి గల్ఫ్ ఎక్కించేస్తారు. అన్ని వైపులా దారి మూసుకుపోయినవాణ్ణి పట్టుకుని, ఆడికేమవుద్దిలే అంటున్నాం మనం. బ్లేడు చేతికి పెట్టుకునే ఆ పిల్ల కూడా సుఖంగా లేదు, ఆమెకూ సాయం కావాలి. కానీ తనకు సాయం కావాలన్న సంగతి ఆ అబ్బాయి చేతి మీద గాటు పెట్టడానికి అనుమతి కాదు.

ఇది ఎక్కడో ఒకడి కథ అనేవాళ్ళ కోసం లెక్కలు చెబుతాను. అమెరికా సమాజశాస్త్రవేత్త ముర్రే స్ట్రాస్, 32 దేశాల్లోని 68 విశ్వవిద్యాలయాల్లో 13,601 మంది విద్యార్థుల నుంచి జవాబులు రాబట్టి 2008లో ప్రచురించాడు. దాదాపు మూడోవంతు మంది, ఆడపిల్లలూ మగపిల్లలూ కూడా, అంతకుముందు ఏడాదిలో తమ జోడీ మీద చెయ్యి చేసుకున్నామని ఒప్పుకున్నారు. ఒకరే కొట్టడం కంటే ఇద్దరూ కొట్టుకోవడమే ఎక్కువగా కనబడింది. అమెరికా ప్రభుత్వం 2019లో హైస్కూలు పిల్లల మీద జరిపిన సర్వేలో, ప్రేమలో ఉన్న ఆడపిల్లల్లో 9.3 శాతం, మగపిల్లల్లో 7 శాతం జోడీ చేతిలో దెబ్బలు తిన్నామన్నారు. లైంగిక హింస దగ్గరికి వచ్చేసరికి ఆడపిల్లలు 12.6 శాతం, మగపిల్లలు 3.8 శాతం. తేడా పెద్దదే. అంతమాత్రాన ఆ 3.8 సున్నా అయిపోదు.

మన దేశంలో ఈ ప్రశ్న మగవాణ్ణి అడిగేవాళ్ళు చాలా తక్కువ. కుటుంబ ఆరోగ్య సర్వేలో గృహహింస ప్రశ్నలన్నీ స్త్రీలకే. భర్త కొట్టకుండానే మీరు ఎప్పుడైనా ఆయన్ను కొట్టారా అన్న ప్రశ్న కూడా భార్యనే అడుగుతారు. అవునన్నది దాదాపు నాలుగు శాతం. దెబ్బ తిన్నవాణ్ణి అడగకుండా, వాడు చెప్పలేదు కాబట్టి దెబ్బే లేదంటున్నాం. పెళ్ళికాని కుర్రకారు సంగతైతే ఆ సర్వేలో దాదాపు లేనట్టే.

హర్యానా పల్లెల్లో వెయ్యిమంది పెళ్ళయిన మగవాళ్ళను అడిగి 2019లో ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. 52.4 శాతం ఏదో ఒక రకమైన హింస ఎదుర్కొన్నామన్నారు. ఆ ఒక్క అంకెను పట్టుకుని ఊరేగేవాళ్ళు వాట్సాప్ నిండా ఉన్నారు. అదే అధ్యయనంలో దెబ్బలు తిన్నవాళ్ళు 6 శాతమేనన్న వాక్యం వాళ్ళు చెప్పరు. మిగతాది దాదాపు అంతా తిట్లు, అవమానం, బెదిరింపు. అవి చిన్నవని నేను అనను. కానీ సగంమంది మొగుళ్ళను పెళ్ళాలు చావగొడుతున్నారని ప్రచారం చెయ్యడం పచ్చి అబద్ధం.

ఈ వాట్సాప్ గుంపుతో నాకు ఇంకా పెద్ద పేచీ ఉంది. 2025లో మేఘాలయకు హనీమూన్‌కు వెళ్ళిన భర్త హత్య, అదే ఏడాది గద్వాల సర్వేయరు హత్య వార్తల్లోకి వచ్చాయి. రెండు కేసుల్లోనూ భార్యలు నిందితులు. చనిపోయినవాళ్ళ కోసం ఒక్క కన్నీటిబొట్టు రాల్చకుండా, ఆ వార్తలను ఆడపిల్లలందరి మీదికీ విసిరారు. పెళ్ళికొడుకులకు హెచ్చరికలు, నవ్వులు. మగవాడి గాయం గురించి మాట్లాడుతున్నట్టు కనబడుతూనే, గృహహింస కేసులన్నీ దొంగ కేసులనే దాకా వెళ్ళారు. ఆత్మహత్యల లెక్కనూ అలాగే వాడతారు. 2022లో దేశంలో ఆత్మహత్య చేసుకున్న 1,70,924 మందిలో దాదాపు 72 శాతం మగవాళ్ళన్నది జాతీయ నేర గణాంకాల విభాగం చెప్పిన నిజం. అదే పట్టికలో ప్రేమ వ్యవహారాలు కారణమైనవి మొత్తంలో 4.5 శాతం. మగవాడి చావులన్నీ తీసుకెళ్ళి ఆడదాని ఖాతాలో రాసేవాడు మగవాడికి మేలు చెయ్యడం లేదు. దెబ్బ తిన్న కుర్రవాడు నోరు తెరవగానే, వీడూ ఆ గుంపులోవాడే అని జనం ముఖం తిప్పుకునేలా చేస్తున్నాడు.

అసలు ప్రేమలో మగపిల్లాడికి దెబ్బ ఎక్కువగా ఎవరి చేతి నుంచి వస్తోంది? చాలాసార్లు మరో మగవాడి చేతి నుంచే. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ శివారు అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర ఒక ఇంజనీరింగ్ విద్యార్థిని అతని స్నేహితుడే చంపాడని కేసు. కారణం ఇద్దరూ ఇష్టపడ్డ అమ్మాయి. ఆ ఘోరాన్ని జనం దయ్యాల కథలా చెప్పుకున్నారు. అది ప్రేమ పేరుతో జరిగిన హింస అనీ, చచ్చిపోయినవాడు ఆ హింసకు బాధితుడనీ ఎవరూ అనలేదు. అదే అసూయతో ఆ కత్తి అమ్మాయి మీద లేచి ఉంటే ఏ పేరు పెట్టాలో మనకు తెలిసేది.

ఇక కులం. ఈ ముక్క కోనసీమలో కూర్చుని రాస్తున్నాను కాబట్టి దాటవేయలేను. 2018 సెప్టెంబరు 14న మిర్యాలగూడ ఆస్పత్రి బయట గర్భవతి అయిన భార్య కళ్ళ ముందు నరికినది దళిత యువకుణ్ణి. చంపించినవాడు అమ్మాయి తండ్రి. ఆయన తీర్పు రాకముందే చనిపోయాడు. 2025 మార్చి 10న నల్లగొండ కోర్టు ఒకరికి ఉరిశిక్ష, మిగతావాళ్ళకు జీవితఖైదు వేసింది. 2022 మే 4న హైదరాబాద్ సరూర్‌నగర్‌లో నడిరోడ్డు మీద చంపినదీ దళిత యువకుణ్ణే. దాడి చేసింది భార్య వైపువాళ్ళు. ఆ అమ్మాయి భర్త మీద పడి అడ్డుకుంటూ, కాపాడండని చుట్టూ ఉన్నవాళ్ళను వేడుకుంటున్న దృశ్యం దేశమంతా చూసింది. మగపిల్లాడికేమవుద్ది అనేవాళ్ళకు సరూర్‌నగర్ రోడ్డే జవాబు. కులమో మతమో దాటిన ప్రేమలో అమ్మాయిని గదిలో పెట్టి కొడతారు, అబ్బాయిని వీధిలో పెట్టి చంపుతారు. ఒకే చెయ్యి, రెండు దెబ్బలు. ఒకదాన్ని చూసి రెండోదాన్ని చూడకపోతే ఆ చెయ్యి ఎవరిదో ఎప్పటికీ పట్టుకోలేం.

లైంగిక హింస దగ్గర మగపిల్లాడికేమవుద్దన్న మాట మరీ దారుణం. పద్నాలుగేళ్ళ పిల్లాణ్ణి పెద్దావిడ ఎవరైనా వాడుకుంటే "అదృష్టవంతుడురా" అంటారు. మగాడు ఎవడైనా పాడు చేస్తే ఇంట్లోవాళ్ళే కప్పెట్టేస్తారు. కేంద్ర ప్రభుత్వం 2007లో ప్రచురించిన బాలల వేధింపుల అధ్యయనంలో 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలతో మాట్లాడారు. ఏదో ఒక రకమైన లైంగిక వేధింపుకు గురైనవాళ్ళు 53.22 శాతం. వాళ్ళలో మగపిల్లలు 52.94 శాతం, అంటే సగానికి పైన. ఇలాంటి వేధింపులు ఎక్కువగా బయటపడ్డ రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆ మగపిల్లలు ఇప్పుడు పెద్దవాళ్ళయ్యారు. మన మధ్యే ఉన్నారు, చాలామంది ఎవరికీ చెప్పుకోలేదు.

ఆ అధ్యయనం తర్వాత 2012లో వచ్చిన పోక్సో చట్టం పద్ధెనిమిదేళ్ళ లోపు బిడ్డ ఆడైనా మగైనా ఒకేలా చూస్తుంది. మంచి చట్టం. పద్ధెనిమిది నిండిన మర్నాడు మాత్రం మగపిల్లాడి కాళ్ళ కింద నేల జారిపోతుంది. అత్యాచారం సెక్షన్‌లో బాధితురాలు స్త్రీ మాత్రమే. పాత శిక్షాస్మృతిలో మగవాడి మీద జరిగిన బలాత్కారానికీ వర్తించే 377వ సెక్షన్ ఉండేది. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు ఇష్టపూర్వక సంబంధాలను దాని నుంచి తప్పించి, బలవంతం మాత్రం నేరంగానే ఉంచింది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆ సెక్షన్ మొత్తమే ఎగిరిపోయింది. ఇష్టం లేని చోట అది ఉండాలని పార్లమెంటు హోం వ్యవహారాల స్థాయీసంఘం 2023లోనే చెప్పింది. ప్రభుత్వం వినలేదు. 2024 ఆగస్టులో ఢిల్లీ హైకోర్టు ఈ లోటు సంగతి తేల్చమని కేంద్రాన్ని అడిగింది. అక్టోబరులో సుప్రీంకోర్టు, చట్టం చెయ్యడం పార్లమెంటు పని అంటూ పిటిషన్‌ను తోసిపుచ్చింది.

బాధితుడి విషయంలో ఆడామగా తేడా చూడొద్దని 2013 జనవరిలో జస్టిస్ వర్మ కమిటీ చెప్పింది. అంతకుముందు 2000లో లా కమిషన్ కూడా అదే దారిలో సూచించింది. ఇది మగవాళ్ళ సంఘాలు పుట్టించిన కోరిక అనేవాళ్ళు ఈ రెండు నివేదికలు తిరగెయ్యాలి. నిందితురాలిగా స్త్రీని చేర్చితే, ఫిర్యాదు చేసిన ఆడపిల్ల మీదే ఎదురు కేసులు పెడతారన్న మహిళా సంఘాల భయంలో న్యాయముంది. ఆ చర్చ సాగనివ్వండి. బాధితుడు మగవాడు కావచ్చని రాయడానికి అది అడ్డు కాదు.

చట్టంలో ఉన్నవాటి సంగతి కూడా మన పిల్లలకు తెలియదు. కొట్టి గాయపరచడం, బెదిరించడం, యాసిడ్ పోయడం ఎవరు ఎవరి మీద చేసినా నేరమే. కేసులో ఇరికిస్తానని భయపెట్టి డబ్బు గుంజితే న్యాయ సంహిత 308 కింద అదీ నేరమే. నగ్న వీడియో కాల్‌తో వల వేసి, రికార్డు చేసి, డబ్బు పంపకపోతే మీ చుట్టాలందరికీ పెడతామనే ముఠాలకు ఎక్కువగా దొరుకుతున్నది కుర్రవాళ్ళే. 1930కి వెంటనే ఫోన్ చేస్తే పోయిన డబ్బు కొన్నిసార్లు ఆపగలుగుతారు. సిగ్గుతో ఆ ఫోన్ చెయ్యనివాళ్ళే ఎక్కువ. ఇదంతా సిటీల జబ్బు, మన ఐనవిల్లిలో ఎక్కడిదంటారు కొందరు. ఏటా పరీక్షల ముందు మన విఘ్నేశ్వరుడి గుడిలో లక్ష పెన్నులతో పూజ చేసి పిల్లలకు పంచుతారు గదా. ఆ వరుసలో నిలబడ్డ పిల్లల చేతుల్లో ఏమున్నాయో ఒకసారి చూడండి. హైదరాబాద్ పిల్లాడి చేతిలో ఉన్న ఫోనే వీళ్ళ చేతిలోనూ ఉంది.

సినిమాను తప్పించి ఈ మాట ముగించలేను. మన తెరమీద హీరోయిన్ హీరో చెంప పగలగొడితే ప్రేమ మొదలైనట్టు. పెళ్ళాం అట్లకాడతో మొగుణ్ణి తరిమితే కామెడీ. 2017లో వచ్చిన 'అర్జున్ రెడ్డి' దర్శకుడు రెండేళ్ళ తర్వాత ఒక ఇంటర్వ్యూలో, ఒకరినొకరు చెంపదెబ్బ కొట్టుకునే చనువు కూడా లేనిచోట తనకు ప్రేమ కనబడదన్న అర్థంలో మాట్లాడాడు. ఆడపిల్లను కొట్టడాన్ని సమర్థిస్తావా అని దేశమంతా మండిపడింది, మండిపడాల్సిందే. ఆ మాటలో రెండో చెంప మగపిల్లాడిదన్న సంగతి దాదాపు ఎవరికీ తట్టలేదు. దెబ్బ ప్రేమకు గుర్తు అని నేర్చుకున్న పిల్లాడు రేపు దెబ్బ తింటాడు, ఎల్లుండి కొడతాడు. తనకు తగిలింది దెబ్బే కాదని నమ్మినవాడికి తను కొట్టింది దెబ్బని ఎలా తెలుస్తుంది? ఆడపిల్లల కోసమే ఆలోచించేవాళ్ళకు కూడా నేను చెప్పే ప్రధానమైన కారణం ఇదే. ఆంధ్రప్రదేశ్‌లో భర్త కొట్టడానికి ఏదో ఒక కారణం న్యాయమైనదేనని ఒప్పుకున్న స్త్రీలు అదే కుటుంబ సర్వేలో 84 శాతం దాకా ఉన్నారు. దెబ్బను ఇంతగా మన్నించే ఇంట్లో పెరిగిన కొడుక్కి, నీ నొప్పీ నొప్పేరా అని ఒక్కసారైనా చెప్పి ఉంటే, ఎదుటి పిల్ల నొప్పి వాడికి ఇంకొంచెం ముందే తెలిసేది.

రాజమహేంద్రవరంలో 2020 ఫిబ్రవరిలో మొదటి దిశ పోలీస్ స్టేషన్ తెరిచారు. అలాంటివి ఇంకా కావాలి, ఒక్కటీ మూతపడకూడదు. మగపిల్లాడు వెళ్ళి కూర్చుని చెప్పుకునే చోటు వాటికి పోటీ కాదు. కాలేజీల్లో ఆ చోటు ఇప్పటికే ఉండాలి. ఉన్నత విద్యాసంస్థల్లో లైంగిక వేధింపుల మీద విశ్వవిద్యాలయ నిధుల సంఘం ఇచ్చిన 2015 నిబంధనలు, ప్రధానంగా స్త్రీలతోపాటు కొందరు మగ విద్యార్థులూ, ట్రాన్స్‌జెండర్ విద్యార్థులూ ఇలాంటి హింసకు గురయ్యే అవకాశముందని గుర్తించి, అందరి విషయంలోనూ గట్టి చర్య తీసుకోమన్నాయి. అమలాపురం, రాజోలు, కొత్తపేట కాలేజీల ప్రిన్సిపాళ్ళకు నా విన్నపం ఒక్కటే. ఆ నిబంధనను తెలుగులో రాయించి, పక్కన 14416 టెలీమానస్ నంబరు, 1098 చైల్డ్ హెల్ప్‌లైన్ నంబరు వేసి నోటీసు బోర్డుకు అంటించండి. మగ బాధితుల కోసం న్యాయ సంహితను సవరించమని మన ఎంపీలను అడుగుదాం, గట్టిగానే అడుగుదాం. అది ఎప్పుడొస్తుందో వాళ్ళ చేతుల్లో ఉంది. నోటీసు అంటించడానికి మీకు రేపు ఉదయం చాలు.